తిరుమలగిరి మోచీ నిలబెట్టిన కాలు

పోలీసు చర్య ముగిసిన రెండో నెలలో మా దళం సికింద్రాబాదులో దిగింది. ఉదయం ఆరున్నర. సన్నటి చలి. స్టేషను నుంచి తిరుమలగిరి బారకాసులకు లారీలో అరగంట. పగలు కావలి, సాయంత్రం గస్తీ: అవీ ఉత్తర్వులు. ఎటు చూసినా బండలు, గులకరాళ్లు. నావేమో కోస్తా ఇసుకలో పెరిగిన కాళ్లు.

పదకొండో రోజు గస్తీలో బండ మీంచి దూకాను. కుడి చీలమండ మెలిపడింది. పద్దెనిమిది రోజులు ఆసుపత్రిలో ఉన్నాను. వాపు తగ్గింది, కుంటు తగ్గలేదు. డాక్టరు కెప్టెన్ ఖరాఖండిగా చెప్పాడు.

"ఆరు వారాలు గడువు. పూర్తి సరంజామాతో పది మైళ్లు నడిస్తే ఉంటావు. లేదంటే ఇంటికే."

సైన్యంలో చేరతానన్నప్పుడు మిషను బడిలో మాస్టారైన మా నాన్న "ఏడాది తిరక్కుండా వచ్చేస్తావు" అన్నాడు. ఆ మాట నిజం కానివ్వదలచుకోలేదు.

బూట్లు బాగుచేయించుకుందామని గేటు బయట కూర్చునే మోచీ మల్లయ్య దగ్గరికి వెళ్లాను. చిలకలగూడ మనిషి. అరవై దాటాయి. వయసులో ఉండగా తాలీములో కుస్తీ పట్టాడు, అక్కడే ఆసనాలు నేర్చాడు. నా కుడి బూటు తిప్పి చూశాడు.

"బయటి అంచు గింతగనం ఎట్లరిగింది సాబ్? ఆ కాలు మీద నిలబడు."

నిలబడ్డాను. నడుము ఎడమకు జారింది.

"తక్లీఫ్ చీలమండల ఒక్కటే లేదు. తుంటి సుత కమ్‌జోరున్నది. రేపు పొద్దుగాల్నే షురూ చేద్దాం."

రోజూ ఐదుంబావుకి వెళ్లేవాణ్ని. ముందు వృక్షాసనం, కుడి కాలొక్కదాని మీదే నిలబడాలి. మొదటి రోజు నాలుగు లెక్కపెట్టేలోగా పడ్డాను. మల్లయ్య నా తుంటి మీద అరచెయ్యి ఆనించి, "గీడ బిగబట్టు, కాలు దానంతటదే నిలుస్తది" అనేవాడు. తర్వాత మాలాసనం. గొంతుక్కూర్చోవాలి, మడమలు లేవకూడదు. నా కుడి మడమ రెండు వేళ్లెత్తు లేచేది. దాని కింద తోలుముక్కలు పేర్చి, వారానికొకటి తీసేసేవాడు.

ఒకరోజు నేను మల్లయ్యగారూ అని పిలవడం మా హవల్దారు విన్నాడు. ఆయనది మా పక్క జిల్లానే.

"మోచీని గారూ అంటున్నావేంట్రా?"

"నేర్పేవాణ్ని మరేమనాలి సార్?"

ఆయన నవ్వి వెళ్లిపోయాడు. నాకు ఒళ్లు మండింది. ఆ రోజు అరవై లెక్కపెట్టేదాకా కదల్లేదు.

ఐదో వారానికి తోలుముక్కలు అయిపోయాయి. ఆరో వారం పరీక్ష. ఉదయం ఐదుకు బయల్దేరాం. వీపున ముప్పై రెండు పౌన్ల మూట, చేతిలో రైఫిలు. ఏడో మైలు దగ్గర వైర్‌లెస్‌లో హవల్దారు అడిగాడట.

"కుంటివాడు ఎక్కడున్నాడు?"

వెనకున్న మా సిగ్నల్‌మాన్ ఆయాసంతోనే జవాబిచ్చాడట. "నాకు కనబడ్డంలేదు సార్. ముందుకెళ్లిపోయాడు."

రెండు గంటల నలభై నిమిషాలకు గేటు చేరాను. డాక్టరు కెప్టెన్ నా చీలమండ అటూ ఇటూ తిప్పి చూశాడు. ఎవరు బాగుచేశారని అడిగాడు. చెప్పాను.

ఇంకో పద్నాలుగు నెలలు అక్కడే పనిచేశాను. సెలవు మీద ఇంటికెళ్తే నాన్న నా నడక చూస్తూ వీధి చివరిదాకా వచ్చాడు.

బదిలీ అయి వచ్చేసిన రోజు ఉదయం మాత్రం ఇప్పటికీ కళ్లముందే ఉంది. లారీ కదులుతోంది. కవాతు మైదానంలో ముప్పైమంది జవాన్లు, ముందు వరుసలో హవల్దారు, అందరూ ఒంటికాలి మీద ఊగుతున్నారు. వాళ్ల మధ్య మల్లయ్యగారు, చేతులు వెనక్కి కట్టుకుని, తీరిగ్గా తిరుగుతున్నారు.