బాపు పట్టుకున్న చెయ్యి

చూపు పోయాక బాపు చేతికర్ర పట్టలేదు, కుక్కను పెట్టుకున్నాడు. మేకలు కాసిన మనిషి కాబట్టి దానికి పని నేర్పడం ఆయనకు కష్టం కాలేదు. అమ్మ పాత చీర చించి పేనిన తాడు దాని మెడకు కట్టి, రెండో కొస చేతికి చుట్టుకునేవాడు. గుంట వస్తే అది ఆగేది, బాపు కాలితో తడిమి చూసుకునేవాడు. అలా రోజూ పొద్దున్నే భూపాలపల్లిలో మా కాలనీ పార్కుకు వెళ్లి, కాసేపు చల్లగాలికి కూర్చుని వచ్చేవాడు. నాకేమో నామోషీ. టీచరమ్మ వాళ్ల నాయిన కుక్క వెంట తిరుగుతున్నాడని నలుగురూ అనుకుంటారని నా బాధ.

ప్రత్యేక తెలంగాణ కోసం సమ్మె చేస్తున్న రోజులవి. బడులు బంద్. ఒకరోజు ఆ పార్కులోనే వంటావార్పు పెట్టుకున్నాం. నిరసనగా అందరం ఒకచోట వండుకుని అక్కడే తినడమన్నమాట. బాపు కూడా వస్తానంటే వెంట తీసుకెళ్లాను. లోపలికి పోయే ముందు కుక్కను గేటు ఊచకు కట్టేశాను.

"దాన్నెందుకు కడుతున్నవ్ బిడ్డా? అది లేకుంటే నాకు అడుగు పడదు."

"అన్నం వండేకాడికి కుక్క ఏంది బాపు? నేను లేనా? నా చెయ్యి పట్టుకో."

పట్టుకున్నాడు. గడ్డిలో పొడుగ్గా తవ్విన గాడిపొయ్యి నిండా నిప్పులు. అప్పుడే గంగాళం దించి పక్కన గంజి వారుస్తున్నారు. గేటు దగ్గర కుక్క ఒకటే అరుపు. డప్పు చప్పుడుకు అరుస్తోందిలే అనుకున్నాను. ఇంతలో ఎవరో "జై తెలంగాణ" అన్నారు. ఒళ్లు పులకరించి పిడికిలి పైకెత్తాను. అది బాపు పట్టుకున్న చెయ్యే.

కిందికి దించేసరికి ఆయన పొయ్యిలో కాలు పెట్టేశాడు.

దవాఖానలో కట్టు కట్టించి, దారిలో పార్కు గేటు దగ్గర కుక్కను కూడా ఎక్కించుకుని ఆటోలో ఇంటికి తెచ్చాను. ఎట్లయిందని అమ్మ గడపలోనే అడిగింది. నేను కాస్త కూడా తడుముకోలేదు.

"కుక్క ఒర్రితే అదిరిపడి పొయ్యిల కాలు పెట్టిండు."

బాపు మంచం మీద పడుకుని అంతా వింటున్నాడు. అమ్మ కట్టె తీసుకుని కుక్కను తరమడానికి లేచింది.

"దాన్నేమనకు," అన్నాడు బాపు. "బిడ్డ మంచిగనే పట్టుకున్నది. నేనే చెయ్యి ఇడిశిన."

అప్పుడైనా నిజం చెప్పొచ్చు. చెప్పలేదు. సిగ్గు లేకుండా వంటింట్లోకి పోయి ఆయనకు చాయ్ పెట్టాను.

కాలు మానాక బాపు మళ్లీ కుక్కతోనే పార్కుకు వెళ్లాడు. నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది.

తెలంగాణ వచ్చిందని తెలిసిన రోజు ఊరేగింపు మా ఇంటి ముందు నుంచే పోయింది. బాపు ఒక చేతికి తాడు చుట్టుకుని గుమ్మంలో నిలబడి, రెండో చేత్తో పిడికిలి బిగించి పైకెత్తాడు. కుక్క ఆయన కాలికి ఆనుకుని కదలకుండా నిలబడింది. నేను పక్కనే ఉన్నాను. నాకు చెయ్యి లేవలేదు.