రెండడుగుల కేబుల్

ఆఫీసులో ఆమెను అందరూ మిల్లీసెకనమ్మ అంటారు. ఎదురుగా కాదు లెండి, ఎదురుగా అనే మొనగాడు ఇంకా పుట్టలేదు. కొత్త భవనాల్లో నెట్‌వర్కు ఎలా నడుస్తోందో కొలిచి కాగితం మీద సంతకం పెట్టడం ఆమె ఉద్యోగం. పదహారేళ్లుగా అదే పని. కేబుల్‌కి ఒక చివర లాప్‌టాప్, రెండో చివర అందుకునే చిన్న పెట్టె. లాప్‌టాప్ నుంచి సెకనుకు వెయ్యి లెక్కన, మిల్లీసెకనుకో డేటా ప్యాకెట్ పంపుతుంది, పెట్టెకు ఎన్ని చేరాయో చూస్తుంది. నూటికి ఒకటి మించి పోయాయంటే కేబుల్ వేసినవాడి పని అయిపోయినట్టే. రాసిన అంకె మార్చడం ఆమె ఇంటా వంటా లేదు.

ఆ కొలిచే ప్రోగ్రాం ఆఫీసువాళ్లు సొంతంగా రాసుకున్నది. ఏ ఆపరేటింగ్ సిస్టమ్ మీదైనా ఒకేలా నడుస్తుందని వాళ్ల గొప్ప. ఏడు నెలల కిందట ఆమెకు వేరే సిస్టమ్ ఉన్న కొత్త లాప్‌టాప్ ఇచ్చారు. మడతబందు విరిగిన పాతది కూతురి చదువుకు ఇంటికి చేరింది. అప్పటినుంచి ఏడు భవనాలు కొలిస్తే ఏడూ తప్పాయి. తప్పిన భవనంలో కేబుల్ మళ్లీ వేయించి, రెండోసారి వేరే మనిషి కొలవాలని నియమం. ఆ మనిషి తన పాత లాప్‌టాప్‌తో వెళ్లేవాడు, అన్నీ నెగ్గేవి. "చూశారా, గట్టిగా బెదిరిస్తే గానీ పనివాళ్లకి శ్రద్ధ రాదు" అని ఆమె భర్తతో అనేది.

ఎనిమిదోది నాలుగంతస్తుల ఆసుపత్రి. అక్కడ కేబుల్ మేస్త్రిని అందరూ నిచ్చెన బాబాయి అంటారు. యాభై అయిదేళ్ల మనిషి, నేల మీద కన్నా నిచ్చెన మీదే ఎక్కువ కనిపిస్తాడు. ఆ శుక్రవారం కింది అంతస్తు కొలత అయింది.

"ఎనిమిది శాతం పోతున్నాయి" అంది ఆమె.

"ఎనిమిదా! ఒక్క మెలిక పడనివ్వలేదు తల్లీ. ప్రతి కొసా నేనే బిగించాను."

పక్కనున్న భవనం ఇంజనీరు నవ్వాడు. "ఆడలేక మద్దెల ఓడు అందిట వెనకటికొకతె. సోమవారానికల్లా ఈ అంతస్తంతా పీకి కొత్తది వెయ్యి. మళ్లీ తప్పితే పై మూడూ వేరేవాళ్లకి ఇచ్చేస్తాను."

బాబాయి ఆమెవైపే తిరిగాడు. "అమ్మా, నా కేబుల్ తీసేసి ఒకసారి కొలిచి చూడు."

"తీసేస్తే ఇంక కొలవడానికేముంటుంది బాబాయ్?" అంటూ ఆమె సంచి సర్దుకుంది.

కానీ ఆ మాట ఆమెను వదల్లేదు. ఆదివారం పొద్దున్నే భోజనాల బల్ల ఖాళీ చేసి, లాప్‌టాప్‌కీ పెట్టెకీ మధ్య రెండడుగుల కేబుల్ పెట్టింది. పైకప్పు లేదు, గోడల్లేవు, బాబాయి లేడు. మీట నొక్కింది. ఎనిమిది శాతం.

ఆమె కేబుల్ మార్చింది. ఎనిమిదే. కూతురి ముందున్న పాత లాప్‌టాప్ లాక్కుంది.

"అమ్మా, నా లెక్కలు అందులో ఉన్నాయి!"

"ఉండవే. నా లెక్కలే తగలడ్డాయిక్కడ."

పాతదానితో ఒక్కటీ పోలేదు, సున్నా. ప్యాకెట్లు బయల్దేరిన వేళలు తీసి చూస్తే సంగతి బయటపడింది. ప్యాకెట్‌కీ ప్యాకెట్‌కీ మధ్య ప్రోగ్రాం కునుకు తీస్తూ, ఒక్క మిల్లీసెకను ఆగి లేపమని అడిగితే పాత సిస్టమ్ సరిగ్గా లేపుతుంది. కొత్తది పదిహేను మిల్లీసెకన్లయితే గానీ లేపదు. ఆలస్యమైపోయిందని ప్రోగ్రాం పదిహేను ప్యాకెట్లనూ ఒక్కసారే తోసేస్తోంది. చుట్టాలంతా ఒక్కసారే గుమ్మంలోకి తోసుకొస్తే కొందరు బయట ఉండిపోరూ? సిస్టమ్‌ని అని లాభం లేదు, దాని అలవాటు అది. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఆమె ఏడు నెలలు ఆ దొంగను సంచిలో పెట్టుకుని ఊరంతా తిరిగింది.

నోరు మూసుకుంటే చాలు. సోమవారం రెండో మనిషి వెళ్తాడు, కొలత నెగ్గుతుంది, బాబాయికి పని దక్కుతుంది, ఆమెకు పేరు దక్కుతుంది. అబద్ధమెందుకు, కాఫీ చల్లారేదాకా ఆమె అదే ఆలోచించింది. తరవాత చెప్పులు వేసుకుని ఆసుపత్రికి బయల్దేరింది.

బాబాయి నిచ్చెన మీదున్నాడు. కింద నిచ్చెన పట్టుకుని ఆయన భార్య. పీకేసిన కేబుల్ వసారా పొడుగునా పడి ఉంది.

"దిగండి బాబాయ్. తప్పు మీ కేబుల్‌ది కాదు. నా కొలతది."

ఆయన దిగాడు. చేతులు తుడుచుకుంటూ నిలబడ్డాడు. భార్యే అంది: "రెండు రోజులుగా ఒకటే గోలమ్మా. 'నా చేతులు వణుకుతున్నాయేమో చూడవే, ఇంక ఈ పని మానెయ్యాలేమో' అని."

ఆమెకు తలెత్తి చూడడానికి సిగ్గేసింది. వాళ్ల ముందే ఇంజనీరుకు ఫోను చేసింది. "మద్దెలే ఓడండీ. నా కాగితం రద్దు చేస్తున్నాను, సంతకంతో సహా పంపుతాను. పై అంతస్తులు ఈయనవే."

ఫోను పెట్టేశాక బాబాయి నిదానంగా అడిగాడు. "నేనంటే మొండివాణ్ణి, ఎదురు చెప్పాను. చెప్పనివాళ్ల సంగతేంటమ్మా?"

వాళ్లు ఏడుగురు. డైరీలో అందరి నంబర్లూ ఉన్నాయి. ఆమె ఖాళీ కేబుల్ డ్రమ్ము మీద కూర్చుని మొదటి నంబరు నొక్కింది. తానెవరో చెప్పింది. "మీరు వేసిన కేబుల్ మొదట్నించీ బాగానే ఉందండీ. నేనే తప్పు కొలిచాను."



"నేను ఆ పని మానేశానమ్మా" అన్నాడు అటువైపు మేస్త్రి. "బాగానే వేశాననుకున్నాను. కానీ మీరు మిషను పెట్టి కొలిచారు కదా, నా చెయ్యే పోయిందనుకున్నాను."

డైరీలో ఇంకా ఆరు నంబర్లున్నాయి.