గోడ మీద పెట్టిన కుంకుడుకాయలు

కుంకుడుకాయలు చేతికి ఇవ్వకూడదు. మీ దిక్కు ఎట్లాగో నాకు తెలియదు గానీ, మా కరీంనగర్ పల్లెలో మాత్రం ఇచ్చేవాళ్ళు కింద పెట్టాలి, తీసుకునేవాళ్ళు వంగి తీసుకోవాలి. చేతికి చేయి తగిలేట్టు ఇస్తే ఆ రెండిళ్ళ నడుమ పంచాది పడుతుందంటారు. పంచాది అంటే కొట్లాట. మా అవ్వా, చిన్నవ్వా ఈ పట్టింపు ఎన్నడూ తప్పలేదు. అయినా వాళ్ళ నడుమ పంచాది పడింది. అదీ కుంకుడుకాయల మీదే.

మా దిక్కు అవ్వ అంటే అమ్మ, బాపు అంటే నాన్న. చిన్నవ్వ అంటే నాన్న తమ్ముడు చిన్నబాపు భార్య. ఆమె పుట్టిల్లు ఆసిఫాబాద్ అవతల ఒక అడవి పల్లె. రజాకార్ల గొడవ సద్దుమణిగాక మా వాడలో జరిగిన మొదటి పెళ్ళి ఆమెదేనట. అప్పుడు నేను ఇంకా అవ్వ చంక దిగలేదు. చిన్నవ్వ మాటలో మరాఠీ కలిసేది. పాలు పొంగినా "అగ్గబాయి!", పాము కనబడినా "అగ్గబాయి!" మేం పిల్లలం అదే అంటూ ఆమె వెనక తిరిగేవాళ్ళం. ఆమె నవ్వేదే గానీ కసురుకునేది కాదు.

పుట్టింటి నుంచి వస్తూ ఆమె కొంగున కుంకుడు గింజలు ముడేసుకొచ్చింది. ఆ గింజ నల్లగా, రాయిలా ఉంటుంది. "గిది మొలుస్తదానే? గోళీలాడుకో పో" అని అవ్వ నవ్విందట. చిన్నవ్వ ఊరుకోలేదు. ఒక్కో గింజను బండ మీద అరగదీసి, వేన్నీళ్ళలో నానేసి, పెరట్లో పెట్టింది. ఒక్కటే మొలిచింది.

కుంకుడు చెట్టుకు తొందర లేదు. అది కాపుకు వచ్చేలోపల మా తాత పోయాడు, అన్నదమ్ములు వేరుపడ్డారు. ఒక మగ్గం మాకు, ఒక మగ్గం వాళ్ళకు. పెరట్లో నడుమెత్తు మట్టిగోడ లేచింది. చెట్టు గోడకు ఇవతల, మా దిక్కు పడింది. కాయని చెట్టు గురించి ఎవరు మాట్లాడతారు? చిన్నవ్వా మాట్లాడలేదు. గోడ లేచాక కూడా అటు నుంచే వంగి, చెంబుతో దాని మొదట్లో నీళ్ళు పోసేది.

తర్వాత అది కాసింది. ఎట్లా కాసిందనుకున్నారు! గుత్తులకు గుత్తులు. అవ్వ వాటిని పొడుగు కట్టెతో రాల్చి, చాపల మీద ఎండబోసేది. తోలు ముడతలు పడి బెల్లం రంగుకు రాగానే వాడంతా మా వాకిట్లోనే ఉండేది. తలస్నానానికి అందరూ అడిగేవాళ్ళు, అది వేరే మాట. ముందుగా వచ్చేది అవుసలాయన. కుంకుడు రసంలో వేసి కుంచెతో తోమితే తప్ప బంగారం మెరుగు తేలదని ఆయన కాయలను వేళ్ళతో నొక్కి మరీ ఏరుకునేవాడు. గొంగళ్ళు నేసేవాళ్ళు ఉన్ని కడగడానికి తీసుకుపోయేవాళ్ళు. గోదావరి దిక్కు నుంచి దసలి పట్టు నేసేవాళ్ళ మనిషి వచ్చేవాడు. సబ్బుతో ఉతికితే పట్టు మెరుపు చస్తుందట, కుంకుడు నురగలో ముంచి తీస్తే నిలుస్తుందట. మిగిలినవి జమ్మికుంట అంగడికి పోయేవి. బర్రెకు పేలు పడితే ఆ నీళ్ళే, ఇత్తడి బిందెలకూ ఆ నీళ్ళే. గింజలను కూడా పారేయలేదు. బెజ్జం వేసి దారానికి గుచ్చి, దిష్టి తగలకుండా చంటిపిల్లల మొలకు కట్టేవాళ్ళం. తమ అడవిలో అయితే కాయలు దంచి వాగు మడుగులో కలుపుతారని, చేపలు మత్తెక్కి పైకి తేలుతాయని చిన్నవ్వ చెప్పేది.

నూలు దొరకక మగ్గం ఆగిన నెలల్లో ఇంట్లోకి ఉప్పూ పప్పూ తెచ్చింది ఆ చెట్టే. చిన్నవ్వ వాటా అవ్వ మర్చిపోలేదు. గింజ తీసిన పెంకులు కుప్పగా గోడ మీద పెట్టి, "చెల్లె, పెట్టిన!" అని కేకేసేది. ఆమె వచ్చి కొంగులోకి ఎత్తుకునేది. అట్లా రెండు కాపులు గడిచాయి.

మూడో కాపుకు పట్టు నేసేవాళ్ళ మనిషి వాకిట్లో నిలబడి తొందరపెడుతున్నాడు. ఆయనకు మాటిచ్చినంత సరుకు లేదు. అదే సమయానికి చిన్నవ్వ గంపతో వచ్చి, చెట్టు కింద కూర్చుని ఏరుకోవడం మొదలుపెట్టింది. అవ్వ పరేషాన్‌లో ఉంది.

"అడగకుంట ఏరుతున్నవేంది చెల్లె? చెట్టు మా పాలుకొచ్చింది గదా!"

చిన్నవ్వ తలెత్తి చూసింది. ఏరినవన్నీ మళ్ళీ చాప మీద గుమ్మరించి గంప దులిపింది.

"అవునక్కా. మీ పాలుకొచ్చిన చెట్టే. మంచిగ అమ్ముకోండ్లి."

అంతే, మాట బంద్ అయింది. అవ్వ సాయంత్రమే గోడ మీద కుప్ప పెట్టింది. చిన్నవ్వ ముట్టుకోలేదు. మర్నాడూ ముట్టుకోలేదు. తర్వాత గాలివాన వచ్చింది. వాన వెలిశాక చూస్తే గోడ పొడుగూతా తెల్లటి నురగ కిందికి కారుతోంది. అవ్వ దాన్ని చూస్తూ అట్లాగే నిలబడింది. తన చేతుల్తో మొలిపించిన చెట్టు గోడవతల ఉండగా, చిన్నవ్వ అంగడిలో కుంకుళ్ళు కొనుక్కోవడం మొదలుపెట్టింది.

నేను చదివింది అయిదో తరగతే గానీ నా నోరు ఊరుకోదు. అందుకని ఇద్దరికీ తపాలా నేనే.

"మీ చిన్నవ్వకు చెప్పు, వాళ్ళ పిల్లి మా పాలు తాగిపోతున్నదని."

"పిల్లికి గోడలు లేవని చెప్పు మీ అవ్వకు."

ఇద్దరికీ ఒకరి మాట ఒకరికి వినబడుతూనే ఉంటుంది. అయినా నేను గోడ దగ్గరికి పోయి మళ్ళీ చెప్పాలి.

ఇంకొకటుంది. ఎండిన కుంకుళ్ళు దంచితే దుమ్ము లేచి ముక్కులోకి పోతుంది. అవ్వ రోట్లో దంచుతుంటే గోడవతల చిన్నవ్వ తుమ్మేది. అవ్వ రోకలి ఆపి, పెదవుల్లోనే "నూరేండ్లు" అనుకుని, మళ్ళీ దంచేది. నేను చూడలేదనుకునేది. ఆ ఏళ్ళలో వాళ్ళ నడుమ నడిచిన ముచ్చట అదొక్కటే.

ఒక ఎండాకాలం చిన్నబాపు బొంబాయి దగ్గరి భీవండి పోతానన్నాడు. అక్కడ సాంచెల మీద, అంటే కరెంటు మగ్గాల మీద, పని ఉందట, మన మగ్గం ఇక తిండి పెట్టదట. ఇల్లూ వాకిలీ వేరేవాళ్ళకు అమ్మడానికి మాట్లాడుకున్నాడు. అంటే తిరిగి రావడం లేదన్నమాట. బాపు ఆ వారమంతా మగ్గం గుంటలోంచి లేవలేదు. అవ్వకు అన్నం సయించలేదు. ఇప్పుడు మాట కలవకుండా బండి కదిలితే ఇక ఈ జన్మకు కలవదు. అది మా అందరికీ తెలుసు.

అవ్వ ఒక గుడ్డలో కుంకుళ్ళు మూటకట్టి నా చేత పంపింది. నేను గడప మీద పెట్టాను. చిన్నవ్వ సామాను సర్దుతూ మూట వైపు చూడకుండానే అంది. "తీస్కపో బిడ్డా. గాడ దుకాన్లుంటయంట. కొనుక్కుంటం."

మూట వెనక్కి తెచ్చాను. అవ్వ కొంగుతో మూతి తుడుచుకుంది, అంతే.

పొద్దున జమ్మికుంట టేషన్‌కు పోయే ఎడ్లబండి వచ్చింది. వాడంతా వచ్చి నిలబడింది. చిన్నవ్వ అందరికీ పోయొస్తానని చెప్పి బండెక్కి కూర్చుంది, మా గుమ్మం వైపు తప్ప అన్ని వైపులా చూస్తూ. అప్పుడు అవ్వ మూట పట్టుకుని ఇంట్లోంచి వచ్చింది. నెత్తి మీద కొంగు జారిపోయినా చూసుకోలేదు. బండి దగ్గరికి పోయి, ఆ పట్టింపు సంగతే మర్చిపోయి, మూటను నేరుగా చిన్నవ్వ చేతికి చాచింది.

చిన్నవ్వ అదిరిపడింది.

"అగ్గబాయి! చేతికియ్యకక్కా! కింద పెట్టు, పంచాదయితది!"

అన్నాక గానీ తను మాట్లాడానని ఆమెకు తెలియలేదు.  అవ్వ చేయి గాలిలోనే ఆగిపోయింది. మెల్లగా మూటను బండి పలక మీద పెట్టింది. చిన్నవ్వ దాన్ని ఒళ్ళోకి తీసుకుంది. గుడ్డలోంచి దుమ్ము లేచింది. చిన్నవ్వ తుమ్మింది.

"నూరేండ్లు!" అంది అవ్వ. ఈసారి అందరికీ వినబడేట్టు.

బండాయన పగ్గాలు వదిలేశాడు. "ఒంటి తుమ్ము. నేను తోల్ల. దిగి కూసోండ్లి జరసేపు."

"రైలు తుమ్మంటే ఆగుతదా!" అని చిన్నబాపు విసుక్కున్నాడు గానీ ఆయనా దిగాడు. ప్రయాణానికి ఎదురైన ఒంటి తుమ్మును ఎవరు దాటతారు? మంచినీళ్ళు తాగి, కాసేపు కూర్చుని గానీ కదలకూడదు. వాళ్ళింట్లో చెంబులన్నీ అప్పటికే బండెక్కాయి. చిన్నవ్వ వచ్చి మా అరుగు మీద కూర్చుంది. ఎన్నాళ్ళకో! అవ్వ నీళ్ళు తెచ్చి ఇచ్చింది. చిన్నవ్వ తాగింది. మూటను వేళ్ళతో తడిమింది.

"గింజ తియ్యలేదేందక్కా?"

"ఆడ ఏస్కుంటవని."

"ఆడ ఉండనీకి ఒక్క అర్రేనట. పక్కన నేలుంటదో, లేదో."

"జాగ దొరికేదాంక కొంగున ఉంచుకో." అవ్వ వంగి మూట ముడి బిగించింది. "చెట్టు నీదే చెల్లె. గా దినం నా నోరు గట్లొచ్చింది."

చిన్నవ్వ చెంబు కింద పెట్టింది. "నాకెరుక లేదా? గా పట్టాయన నీ నెత్తి మీద నిలవడ్డడు. నేనన్న నవ్వి ఊకుంటే అయిపోతుండె." గోడ దిక్కు చేయి చూపింది. "గోడ మీది కాయలు నానినప్పుడు ఏడ్చిన్నక్కా. మంచి పెంకులు."

"నేను సుత."

ఇద్దరూ ఒకరి పక్కన ఒకరు కూర్చుని గోడ దిక్కు చూశారు. చిన్నబాపు "రైలు, రైలు" అంటున్నాడు.

చిన్నవ్వ లేచి బండెక్కింది. మూట అరుగు మీదే ఉండిపోయింది. బండి కదిలాక నేనే చూసి అరిచాను. అవ్వ మూట తీసుకుని ఉరికి, చిన్నవ్వ అరచేతిలో పెట్టి, వేళ్ళు మూసి, రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది.

"చేతికిచ్చినవేందక్కా!"

"గింత దూరం పోతున్నవు. ఇగ ఎవరితోని పంచాదే?"

చిన్నవ్వ చేయి విడిపించుకోలేదు. బండి నడుస్తుంటే అవ్వ పక్కనే నడిచింది. వాడ మలుపు దగ్గర చేతులు విడిపోయాయి. చిన్నవ్వ బండి వెనక వైపుకు జరిగి కేకలేయడం మొదలుపెట్టింది.

"పూత మీదున్నప్పుడు చెట్టుకు బర్రెను కట్టకక్కా!"

"ఊ!"

"పైకొమ్మ ఎండింది, కొట్టెయ్యి!"

"ఊ!"

బండి మలుపు తిరిగింది. ఎడ్ల గజ్జెల చప్పుడు తప్ప మాట వినబడటం లేదు. అవ్వ ఆ దిక్కే చూస్తూ, కాస్త ఆగి, మళ్ళీ "ఊ" అంది.