రెండో నెలకే బాలింత పథ్యం పెట్టిన అత్తమ్మ

మా అత్తమ్మ పోయిందన్న కబురు నేను జనగామలో ఆఫీసుకు బయలుదేరుతుండగా వచ్చింది. మరిపెడ నుంచి మామ ఫోన్ చేసి, "మీ అత్త లేస్తలేదు బిడ్డా" అన్నాడు. నిద్రలోనే పోయింది. చాయ్ చల్లారితే వాడంతా వినబడేలా అరిచే మనిషి, ఎవరినీ లేపకుండా వెళ్లిపోయింది.

ఆమెది పెద్ద నోరని ఊరంతా అంటారు. నిజమే. ఆమె గుమ్మంలో కనబడితే కూరగాయలాయన బండిని పక్క గల్లీకి తిప్పేవాడు. నేను మాత్రం ఆ నోటికి రుణపడి ఉన్నాను.

పోయినేడు రెండో నెలలో నాకు గర్భం పోయింది. మూడో నెల నిండేదాకా బయట చెప్పొద్దంటారు కదా, అందుకని నేనూ మా ఆయనా ఎవరికీ చెప్పలేదు. చెప్పని సంతోషం పోతే ఎవరి దగ్గర ఏడవాలి? అంతకుముందు వారమే బస్సులో కాళేశ్వరం వెళ్లి వచ్చాను. ఆ కుదుపులే బిడ్డను తీసుకుపోయాయని లోలోపల కుమిలిపోయాను.

ఫోన్‌లో నా గొంతు వినే అత్తమ్మ పసిగట్టింది. సాయంత్రానికల్లా జనగామలో దిగింది. మర్నాడు నాతో దవాఖానకు వచ్చింది. మొదటి నెలల్లో ఇలా పోవడం చాలామందికి జరుగుతుందని, ఎక్కువగా పిండం ఏర్పడటంలోనే తేడా ఉంటుందని డాక్టరమ్మ చెప్పింది. నేను తలూపాను. అత్తమ్మ ఊరుకోలేదు.

"జర గట్టిగ చెప్పమ్మా. మా పిల్ల తలకాయ ఊపుతున్నది గని లోపలికి పోతలేదు. బస్సుతోని కాదు గదా?"

"కాదు."

"ఇంట్ల పని చేసుడుతోని?"

"కాదమ్మా. ఈమె తప్పేం లేదు."

"ఇన్నవా?" అంది నావైపు తిరిగి. అప్పుడు ఏడ్చాను, ఆ గదిలోనే.

తర్వాత నన్ను మరిపెడ తీసుకుపోయి బాలింతకు చేసినట్టే చేసింది. వేణ్నీళ్లు కాచి తానే పోసింది. తలకు గుడ్డ చుట్టి, చెవుల్లో దూది పెట్టి, మిరియాల చారుతో అన్నం పెట్టింది. చూడటానికి వచ్చిన ఆమె చెల్లెలు, మా చిన్నత్త, నవ్వింది.

"రెండో నెలకే బాలింత పథ్యమా అక్కా? బిడ్డ ఏది?"

"బిడ్డ లేదు గాబట్టే చేస్తున్ననే. బిడ్డ ఉంటే చేసేటోళ్లు మస్తుమంది వస్తరు. నాకు గిట్లనే పోయినప్పుడు తెల్లారి నాట్లకు వోయిన. మీ బావకు గుడ తెల్వది."

 చిన్నత్త లేచి పొయ్యిలో పుల్లలు ఎగదోసింది.

అత్తమ్మ నా తల తుడుస్తూ అంది: "మల్ల నిలిస్తె దాసుకోకు. తెలిసిన్నాడే చెప్పు. మంచిగుంటే అందరం సంబురపడ్తం. పోతే అందరం ఏడుస్తం. ఒక్కదానివి ఎందుకు మోస్తవ్?"

సరేనన్నాను గానీ, ఆ ధైర్యం నాకు వస్తుందనుకోలేదు.

ఆమె పోయిన వారానికి నాకు మళ్లీ నెల తప్పిందని తెలిసింది. సంతోషం కంటే ముందు భయమేసింది. ఎవరికంటే ముందు ఆమెకు చెప్పాలనిపించింది, ఆమె లేదు.

పెద్దకర్మ రోజు ఇంటినిండా చుట్టాలు. ఆడవాళ్లందరం వరండాలో కింద భోజనానికి కూర్చున్నాం. తాలింపు వాసనకే కడుపులో తిప్పి నేను విస్తరి పక్కకు జరిపాను. అత్త మీద బెంగ అన్నారెవరో. ఔనంటే అయిపోయేది.

"నాకు నెల తప్పింది" అన్నాను.

వడ్డించే చేతులు ఆగాయి. "అయ్యో, గప్పుడే బయట చెప్తరా బిడ్డా?" అంది ఒక ముసలమ్మ.

"మా అక్కనే చెప్పుమన్నది" అంది చిన్నత్త. అంటూనే కొంగుతో కళ్లొత్తుకుంది.

ఇన్నాళ్లూ ఎవరితోనూ సరిగా మాట్లాడని మామ వాకిట్లోంచి లేచాడు. తాను కూర్చున్న కుర్చీని రెండు చేతులా ఎత్తుకొచ్చి ఆడవాళ్ల నడుమ వేశాడు. నేను కూర్చునేదాకా దాన్ని కదలకుండా పట్టుకుని నిలబడ్డాడు.