కోటు జేబుల్లో కందిపొడి

బిందుమాధవి అక్కది నేపర్‌విల్‌లో మా పక్కిల్లు. ఫిజియోథెరపిస్టు. నిరుడు చలికాలం అలాస్కాలో కాంట్రాక్టు మీద పనిచేసి వచ్చింది. అక్కడి సంగతులు ఎప్పుడడిగినా ముందు అరచేతులు తుడుచుకుంటుంది.

అక్క ఉండే నోమ్ నుంచి పని మీద కోట్జెబ్యూకి వెళ్లి రెండు వారాలు ఉండాలి. రెండూ సముద్రపు ఒడ్డు ఊళ్లే. మధ్యలో రోడ్డు లేదు.

"నూట ఎనభై మైళ్లేనే! మనింటి నుంచి ఇండియానాపోలిస్ అంత. గంట కళ్లు మూసుకో, దిగిపోతావ్," అన్నారట బావగారు ఫోన్‌లో.

"ఆగడానికి దారిలో గ్యాస్ స్టేషన్ ఉందా మరి?" అందట అక్క.

తొమ్మిది సీట్ల విమానం. కౌంటర్‌లో అమ్మాయి సంచి తూచి, బూట్లూ కోటూ కలిపి మీ బరువెంత అని అడిగింది. అక్క పొద్దున బాత్రూమ్‌లో చూసుకున్న అంకె చెప్పేసింది. చేతిమీది కోటు జేబుల్లో ఆవకాయ సీసా, కందిపొడి, నాలుగేసి పౌండ్ల పప్పు పొట్లాలు రెండు ఉన్నాయి.

"శంషాబాద్‌లో మనందరం చేసేదే కదక్కా," అన్నాను.

"అది కొండంత విమానం తల్లీ."

అరగంటసేపు కింద తెల్లటి కొండలే. ఒక ఇల్లు లేదు, పొగ లేదు. తర్వాత మబ్బులోకి వెళ్లారు. రెక్క అంచున మంచు పేరుకోసాగింది. పైలట్ రేడియోలో ఎవరితోనో 'కాస్త హెవీగా ఉంది' అన్నాడు. అక్క కోటు జేబులు తడిమి చూసుకుంది. చెబితే అందరి ముందూ పరువు పోతుంది. చెప్పకపోతే? ముందు సీట్లో ఒకామె పసిపిల్లను గుండెకు కట్టుకుని నిద్రపోతోంది.

"సాక్స్ జారి ఆ పిల్ల అరికాలు కనిపిస్తోందే నాకు. ఇక ఆగలేకపోయా. నా కోటులో పదిహేను పౌండ్లు దాచానని అరిచేశాను."

పైలట్ వెనక్కి తిరగలేదు. ఇంకేమైనా ఉందా అని మాత్రం అడిగాడు. లేదంది. విమానం మబ్బు కిందికి దిగింది. కొండలు మరీ దగ్గరకొచ్చాయి. రెక్క మీద మంచు పెరగడం ఆగిందే గానీ పోలేదు. గంట ప్రయాణం గంటన్నర దాటింది.

విమానం నేలమీద ఆగింది. పైలట్ వచ్చి కోటు చేత్తో ఎత్తి చూశాడు.

"ఇంతమాత్రానికి పడిపోం," అన్నాడు. "ఇంకో నలుగురు ఇలాగే దాస్తే?"

అప్పుడు వెనక సీట్లోని పెద్దాయన తల వంచుకుని, తన కోటులోంచి మంచు మీద నడిపే స్నోమొబైల్ బండి గేరు చక్రం ఒకటి బయటికి తీశాడు. పైలట్ ముఖం పాలిపోయింది.

తిరిగి రావాల్సిందీ అలాంటి విమానంలోనే. ఆ రెండు వారాలూ అక్కకి సరిగా నిద్ర పట్టలేదట.

"భయమెందుకక్కా, నువ్వు ఈసారి నిజమే చెప్తావుగా?" అన్నాను.

"నా సంగతి సరే," అంది అక్క. "మిగతా ఎనిమిదిమంది కోటు జేబుల్లో ఏముందో?"