మేజిక్ లాంతరు గది

మొన్న కొమరోలులో మునిమనవడి బడికి కొత్త ప్రొజెక్టరు వచ్చిందంటే చూడ్డానికి వెళ్లాను. మూసిన గదిలో అది వేడెక్కగానే వచ్చిన వాసన నన్ను తీసుకెళ్లి మా పాత ఇంటి నడుమింట్లో పడేసింది.

అప్పుడు తెల్లదొరల కాలం. బోర్డు బడికి మేజిక్ లాంతరు ఇచ్చారు గానీ దాన్ని వాడుకునే చోటు ఇవ్వలేదు. బడి అంటే తలుపు లేని బోదకొట్టం, గడ్డి కప్పు చిల్లుల్లోంచి ఎండ కారేది. లాంతరుకేమో చీకటి కావాలి, రాత్రి చూపిద్దామంటే అయ్యవారు పొద్దుగూకక ముందే తన ఊరికి నడిచిపోవాలి. అందుకని అది మా దుకాణం వెనకున్న నడుమింటికి చేరింది. బెల్లం బస్తాల జిగురు వాసన, అవ్వ వేయించిన శనక్కాయల కమ్మదనం, కిరసనాయిలు పొగ కలిసిన ఆ చీకట్లో, సున్నం గోడ మీద ఏనుగులూ రైళ్లూ ఓడలూ వెలిగితే, నోట్లో కాయలు నమలడం కూడా మరిచిపోయేవాళ్లం.

మార్తమ్మ మాత్రం వీధిలోనే ఉండిపోయేది. మా పొలాల్లో కూలికి వచ్చే కిరస్తానీ వాళ్ల పిల్ల. కొట్టంలో ఓ పక్కన విడిగానైనా కూర్చునేది, మా గడప మాత్రం వాళ్లు తొక్కకూడదు. అది తప్పని ఇంట్లో ఎవరికీ తోచలేదు, అయ్యవారికీ తోచలేదు.

"సముద్రం చూపిచ్చినారంట గదన్నా, ఎట్లుంటది?" అని అడిగింది ఒకరోజు.

"కంభం చెరువు మాదిరే, ఇంకా పెద్దది."

"అయితే నేనూ చూడాల."

మర్నాడు సముద్రం బొమ్మ మళ్లీ పెట్టించి, కిటికీ రెక్క వేలెడు తెరిచి ఉంచాను. ఆ సందుకు ఆమె కన్ను ఆనింది. కానీ ఎండ కూడా లోపలికి వచ్చి ఓడ పాలిపోయింది, అలలు కనిపించకుండా పోయాయి. పిల్లలు గోల చేశారు.

"ఏందిరా ఆ ఎండ, కిటికీ మూయండి!" అంది అవ్వ. నాయన వచ్చి మూశాడు. బొమ్మ తేటపడింది. అందరితో పాటు నేనూ చప్పట్లు కొట్టాను. అవి బయట ఆమెకు వినపడే ఉంటాయి. తలచుకుంటే ఇప్పటికీ సిగ్గుతో చచ్చిపోతాను.

ఆ తర్వాత మార్తమ్మ బడికి రాలేదు. మేకల వెంట పోతూ ఎదురైతే తల తిప్పుకునేది. సముద్రం ఎప్పుడైనా చూసిందో లేదో.

ఇప్పుడు ఆ కొట్టమూ లేదు, మా ఇల్లూ దుకాణమూ లేవు. కొత్త గదిలో అందరి పిల్లలూ కలిసి కూర్చున్నారు. తెర మీద సముద్రం కదులుతోంది. బయట ఎవరూ లేరని తెలిసీ లేచి వెళ్లి కిటికీ కర్టెన్ కాస్త పక్కకు జరిపాను.

"తాతా, మూసెయ్! బొమ్మ కనపడ్డంలే!" అని అరిచాడు మునిమనవడు.

మూయడానికి నాకు చెయ్యి రాలేదు.