కావడి ఆగిన పందిరి

2023 ఆడి కృత్తిక, అంటే కొండమీది సామికి కావడులు మోసే పండగ నాటి సంగతి. తిరుత్తణి బజారులో నాది పందిరి సామాన్లు అద్దెకిచ్చే కొట్టు. పెళ్లికైనా, చావుకైనా, పార్టీ మీటింగుకైనా, ఈ చుట్టుపక్కల నీడ కావాలంటే గోవిందు కొట్టుకు రావాల్సిందే. కొంచెం గొప్పలు చెప్పుకునే మనిషినే నేను, ఒప్పుకుంటాను. పని చూశాక మీరూ అదే మాట అంటారు.

మా నాయన కాలంలో, వేసవి పోయాక వచ్చే ఆడి మాసం అంటే గాలి. పందిరి వేసి తాళ్లు గట్టిగా బిగించకపోతే తెల్లారేసరికి అది పక్క ఊరి పొలంలో పడి ఉండేది. అందుకే పందిళ్లు పొట్టిగా, నేలకు దగ్గరగా కట్టడం మా ఇంటి అలవాటు. కావడి ఎత్తుకున్నవాళ్లు ఆ గాలిలో పాడుకుంటూ కొండకు వచ్చేవాళ్లు. ఈ మధ్య ఆ గాలి ఎక్కడికి పోయిందో తెలియదు. ఆడిలో కూడా నడివేసవి చిత్తిర మాసపు ఎండ కాస్తుంది. తారు రోడ్డు దోసె పెనం మాదిరి కాలుతుంది. ఆ రోడ్డుమీద వట్టి కాళ్లతో వాళ్లు నడుస్తారు.

అంతకు ముందు ఏడు దారిలో కొందరు సొమ్మసిల్లి పడ్డారు. అందుకని బజారు వర్తకులు కొందరు కలిసి, ఆర్.కె.పేట రోడ్డు వెంబడి నడిచేవాళ్లకు పందిళ్లు వెయ్యమని నాకు అప్పగించారు. ఎక్కడెక్కడ, ఎట్లా అన్నది నా ఇష్టమే అన్నారు. ఇంక చెప్పాలా! షేడ్‌నెట్ తెప్పించాను. నర్సరీలో మొక్కల మీద కప్పే ఆకుపచ్చ వల అది. ఎండను వడగడుతుంది, గాలిని ఆపదు. రెండు వరసలు కప్పాను. మిస్ట్ ఫ్యాన్లు పెట్టాను, అంటే మంచు మాదిరి సన్నటి నీటి తుంపరను చల్లే ఫ్యాన్లు. కుర్చీలు, మజ్జిగ, ఓఆర్ఎస్ నీళ్లు, అన్నీ సిద్ధం చేశాను.

పందిరి నిండిపోయింది. కార్లలో వచ్చినవాళ్లు, బండ్లమీద వచ్చినవాళ్లు, ఫ్యాను ముందు నిలబడి వీడియోలు తీసుకునేవాళ్లు. వర్తకులు నా భుజం తట్టారు. నేను మీసం తిప్పాను. కావడి ఎత్తుకున్నవాళ్లు మాత్రం ఒక్కరు కూడా లోపలికి రాలేదు. నా పందిరి ముందునుంచే, ఎండలో, రోడ్డు అంచున నడిచి పోయారు. వేగంగా పోవాలని పోతున్నారేమో అనుకున్నాను.

మధ్యాహ్నం పూట పందిరికి కూతవేటు దూరంలో ఒక ఆడమనిషి కుప్పకూలింది. ఆమె భుజం మీది కావడిని వెనక వస్తున్న మనిషి ఒడుపుగా అందుకున్నాడు. నేను పరుగెత్తాను. చూస్తే మంగక్క. ఆర్.కె.పేట అవతల పల్లెలో జాజులు, కనకాంబరాలు పండిస్తుంది. మా పెళ్లి పందిళ్లకు పూలు ఆమె దగ్గరే తెస్తాం. తడిగుడ్డలు కప్పి, నీళ్లు చల్లి, విసిరితే కండ్లు తెరిచింది. నాకు భయం పోయి కోపం వచ్చింది.

“అంత పందిరి యేసి పెట్టినాము గదక్కా! రెండు నిమిషాలు లోపల కూసోని పొయ్యింటే ఏమి?”

మంగక్క పడుకునే ఉంది. గొంతులో తడి లేదు. అయినా మాట తగ్గలేదు.

“కూసుంటే కావిడి యాడ పెట్టేది? నీ నెత్తిన పెట్టేదా?”

వాళ్ల పల్లె గుంపులో మొక్కు కావడికి కట్టుబాటు ఉంది. కొండ చేరేదాకా అది నేలకు తగలకూడదు. ఇంకొకరి భుజం ఎక్కితే మొక్కు చెల్లదు. పైగా నెమలీకలు కట్టిన ఆ కావడి ఒంపు నా పొట్టి పందిరిలో పట్టదు, వలకు చిక్కుకుంటుంది. ఇవేవీ నాకు తెలియనివి కావు. పుట్టినప్పటినుంచీ చూస్తున్నవే. పందిరి వేసేటప్పుడు తలకాయలో లేవు, అంతే.

ఆటోలో ఆస్పత్రికి తీసుకుపోయేటప్పుడు ఆమె ఏడ్చింది. ఒంట్లో బాధకు కాదు. ఆమె భర్త సుబ్బరాయుడు బావకు గుండె ఆపరేషన్ అయినప్పుడు, బతికి బయటపడితే వరసగా మూడేండ్లు తన భుజం మీదే కావడి మోస్తానని మొక్కుకుంది. ఒక ఏడు అయింది. రెండో ఏడు నా పందిరి పక్కనే తెగిపోయింది. ఇక మళ్లీ మొదటినుంచీ మొయ్యాలి. ఇంట్లోవాళ్లేమో ఇంక వద్దంటే వద్దన్నారు.

ఆ మాట నన్ను చాలాకాలం తిననివ్వలేదు. ఒకరోజు పాత రోడ్డులో బండిమీద పోతుంటే సుమైతాంగి కనిపించింది. నిలువుగా రెండు రాళ్లు, వాటిమీద అడ్డంగా ఒక రాయి. నెత్తిన మూట ఉన్నవాళ్లు ఎవరి సాయమూ లేకుండా బరువును దానిమీదికి జరిపి, అలుపు తీర్చుకుని, మళ్లీ నెత్తికెత్తుకోవడానికి పాతకాలం వాళ్లు నాటిన రాళ్లు. గడ్డిమోపు దానిమీద పెట్టి ఒకామె కొంగుతో మొహం తుడుచుకుంటోంది. బండి ఆపి, నా నెత్తిన నేనే ఒకటి ఇచ్చుకున్నాను.

కొట్టు ముందర రెండు పంగ కర్రలు పాతి, అడ్డంగా సరుగుడు కట్టె కట్టి, పసుపు గుడ్డ చుట్టాను. భుజం ఎత్తు సరిపోవాలి. మనిషి కొంచెం వంగితే కావడి దానిమీదికి జరగాలి. మళ్లీ వంగి లేస్తే భుజానికి రావాలి. పొడుగువాళ్లకు ఒకటి, పొట్టివాళ్లకు ఒకటి.

మంగక్క వాళ్ల పల్లె గుంపుకు పెద్ద ఒకాయన ఉన్నాడు. గురుసామి అంటారు. ఆయన సరే అంటేనే గుంపు వింటుంది. పిలిపించి చూపించాను. ఆయన చుట్టూ తిరిగి, మొహం చిట్లించాడు.

“ఇదేందిరా గోవిందు, కావిడిని దించినట్టే గదా?”

“నేలకు తగల్లేదు సామీ. ఇంకో మనిషి భుజమూ ఎక్కలేదు. కట్టెకు మొక్కు యాడ ఉండాది, దోచుకొని పొయ్యేదానికి?”

ఆయన నవ్వలేదు. తన కావడి తెప్పించి, తానే దానిమీద పెట్టి, చేతులు వదిలి, కాసేపు చూశాడు.

“మా నాయన దినాల్లో ఆడి గాలి ఉన్నింది, నిలబడే పని లేకపోయె. ఇప్పుడు గాలి ల్యా. ఒళ్లు తాళదు. నిలబడనీ బిడ్డలు. కట్టె మాత్రం గట్టిది ఎయ్యి!”

ఎగిరి గంతేయాలనిపించింది. వయసు గుర్తొచ్చి ఆగాను.

2024లో పందిళ్ల రూపమే మార్చాను. వెడల్పాటి చావడి మాదిరి కాదు, నడిచే దారిమీదే పొడుగాటి సందు మాదిరి వేశాను. కావడి దాటేంత ఎత్తుగా లేపాను. రెండు పక్కలా కట్టెలు, ప్రతి కట్టె పక్కన బెంచీ, బెంచీ పక్కన మజ్జిగ. కృత్తికకు ముందు సుబ్బరాయుడు బావ కొట్టుకు వచ్చి, కూర్చోకుండానే మొదలుపెట్టాడు.

“నీ పందిరి నమ్ముకొని అది మళ్లీ బయల్దేరతా ఉండాది. చెప్తే వినదు. దానికేమన్నా అయిందంటే నిన్ను వదలను గోవిందూ!”

“నువ్వూ కూడా రా బావా. ప్రతి కట్టెకాడా ఆపించే పని నీది.”

నోటితో ధైర్యంగానే అన్నాను. రాత్రి నిద్ర పట్టిందా అని అడగకండి.

ఆ రోజు ఎండ కిందటి ఏటికన్నా మండింది. చివరి పందిరి దగ్గర, పోయినసారి ఆమె పడిన చోటికి దగ్గరలో, నేను రోడ్డుకేసి చూస్తూ నిలబడ్డాను. ముందుగా వచ్చినవాళ్లు కట్టెలమీద కావడులు పెట్టి కూర్చుంటున్నారు. నా కన్ను వాళ్లమీద లేదు. చాలాసేపటికి పసుపు చీర కనిపించింది. పక్కన గొడుగు పట్టుకుని బావ. ఇద్దరూ కొట్లాడుకుంటూ వస్తున్నారు. ఆ గొంతు వినగానే నాకు ప్రాణం లేచి వచ్చింది. కొట్లాడే ఓపిక ఉందంటే మనిషి బాగుందన్నమాటే!

మంగక్క పందిరిలోకి వచ్చి, మోకాళ్లు వంచి, కావడిని కట్టెమీదికి జరిపింది. నెమలీకలు ఊగి నిలిచాయి. బెంచీమీద కూలబడి, చెంబెడు మజ్జిగ గటగట తాగి, ఇంకో చెంబు అడిగింది.

“బలేగా ఉండాది గోవిందూ. ఉప్పు రవ్వంత తగ్గింది.”

“తిట్టు అక్కా, ఎంతన్నా తిట్టు!” అన్నాను. నా కళ్లలో నీళ్లు తిరిగాయి, దాచుకోలేదు.

ఆమె లేచి, వంగి, కావడిని మళ్లీ భుజానికి ఎత్తుకుంది. పందిరి పనివాళ్లకు వదిలేసి నేనూ వెంట నడిచాను. పని జరిగే చోటు వదలడం నా జన్మలో అదే మొదలు. మెట్లెక్కేటప్పుడు గుంపంతా “అరోహరా!” అంటుంటే, అందరికన్నా గట్టిగా అరిచింది నేనే. సన్నిధిలో ఆమె తన చేతులతో కావడి అప్పగించింది. బావ గోడకు ఆనుకుని పసిబిడ్డ మాదిరి ఏడ్చాడు. ఆ ఏడు ఆ గుంపులో ఎవరి కావడీ దారిలో భుజం మారలేదు.

దిగేటప్పుడు మంగక్క నా వైపు తిరిగింది. “ఇంగ రెండేండ్లు ఉండాది. కట్టెలు అమ్ముకునేవు, జాగ్రత్త!”

ఈ మధ్య పూండి ఆనకట్ట చూడడానికి సెలవుల్లో కుటుంబాలు వచ్చే చోట నీడ వెయ్యమని ఒకాయన వచ్చాడు. ఎన్ని అడుగులు, ఏ రంగు అని ఆయన చెప్తుంటే ఆపి, “వచ్చేవాళ్లు ఏమి మోసుకొస్తారు?” అని అడిగాను. పిచ్చివాణ్ణి చూసినట్టు చూశాడు. ఒక ఆదివారం పోయి నేనే కూర్చుని చూశాను. చంకల్లో బిడ్డలు. దూలానికి వరసగా ఉయ్యాల గుడ్డలు కట్టించాను.

నా పందిరి బాగుందో లేదో ఇప్పుడు కప్పును చూసి చెప్పను. దానికిందికి వచ్చిన మనిషి రెండు చేతులతో చెంబెత్తి నీళ్లు తాగితే, అది పందిరి.